పెంకు మళ్ళీ పెట్టవలెను

మా శాఖ సర్క్యులర్లను నేను రెండుసార్లు చదువుతాను. మొదటిసారి అర్థం చేసుకోవడానికి, రెండోసారి నాకు అర్థమైనదీ వాళ్లు రాసినదీ ఒకటేనా అని చూసుకోవడానికి. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లినదాన్ని నేనొక్కదాన్నే. ప్రభుత్వం ఒక మాట కాగితం మీద పెట్టిందంటే ఊరికే పెట్టదని నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం. ముప్పై ఒక్క అంగన్‌వాడీ కేంద్రాలకు సూపర్‌వైజరుగా నాలుగేళ్లు ఆ నమ్మకంతోనే పనిచేశాను. గెడ్డవలస గుడ్డు గొడవ మొదలుపెట్టింది కూడా ఆ నమ్మకంతోనే.

జూలై నెలలో మా జిల్లా పర్యవేక్షణాధికారి పరాంకుశం గారు ఏదో పెద్ద ఊళ్లో మూడు రోజుల శిక్షణకు వెళ్లివచ్చారు. అక్కడ ఒక నిపుణురాలు, పిల్లల ఏడుపు కూడా ఒక మాటేననీ, పెద్దవాళ్లు దాన్ని వినాలనీ చెప్పిందట. మంచి మాటే. పరాంకుశం గారు తిరుగు రైలు దిగేలోపే దానికి నిబంధనలు రాసేశారు.

"సమస్త కేంద్రములకు తెలియజేయడమేమనగా, మూడు నుండి ఆరు సంవత్సరముల లోపు లబ్ధిదారుల ఏడుపు ఇకమీదట ఏడుపుగా పరిగణింపబడదు. ఏడు నిమిషములు దాటిన ప్రతి ఏడుపునూ ఒక విన్నపముగా స్వీకరించి, నంబరు కేటాయించి, కారణమును లబ్ధిదారు స్వంత మాటలలో నమోదు చేయవలెను. లబ్ధిదారు స్వయముగా సంతృప్తి వ్యక్తపరచనిదే విన్నపమును ముగించరాదు."

సంతృప్తి వ్యక్తపరచడానికి మా ఫోన్లలో ఒక ఏర్పాటు చేశారు. తెర మీద మూడు బొమ్మ ముఖాలు వస్తాయి. ఒకటి నవ్వుతుంది, ఒకటి ఊరికే చూస్తుంది, ఒకటి ఏడుస్తుంది. పిల్ల తన వేలితో నవ్వే ముఖాన్ని ముట్టుకోవాలి. బదులుగా టీచరు గాని సూపర్‌వైజరు గాని ముట్టుకుంటే అది ఫోర్జరీ కింద లెక్క.

సర్క్యులరు వచ్చిన మర్నాడే నేను గెడ్డవలస కేంద్రానికి తనిఖీకి వెళ్లాను. వీధి మొదట్లోనే ఏడుపు వినిపించింది. లోపలికి వెళ్లేసరికి మూడున్నరేళ్ల మోక్షిత నేల మీద వెల్లకిలా పడుకుని కాళ్లు కొట్టుకుంటోంది. పక్కన పళ్లెంలో ఉడకబెట్టిన కోడిగుడ్డు తెల్లగా, గుండ్రంగా, ఏ పాపం ఎరగనట్టు ఉంది.

టీచరు అప్పలనరసమ్మ గారు రెండు బారల దూరంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నారు.

"ఏమైంది టీచరుగారూ?"

"ఏటీ నేదు మేడం. గుడ్డు నాను ఒలిసినాను. తనే ఒలుసుకుంటానన్నాదట, నాకినపడనేదు. కూకోండి, టీ ఎడతాను. ముప్పావుగంటలో తగ్గిపోద్ది."

"మల్లీ ఎట్టు!" అని అరిచింది మోక్షిత. "పెంకు మల్లీ ఎట్టు!"

"ఇంకో గుడ్డు ఇవ్వకపోయారా?"

"ఇచ్చినాను. అది వొద్దంట. ఈ గుడ్డుకే పెంకుండాలంట." ఆవిడ ఒక మట్టిబెడ్డ తీసి పక్కన పడేశారు. "ఇప్పుడు పలకరించకండి. పలకరిస్తే మల్లీ మొదట్నించి మొదలెడతాది. కాడ కూకుంటే సాలు."

నేను ఫోను తీసి చూసుకున్నాను. ఏడో నిమిషం దాటింది. నిబంధన ప్రకారం మోక్షిత ముందు వంగి, "అమ్మా, నీ విన్నపం ఏమిటి?" అని అడిగాను. అప్పటికి కాస్త వెక్కిళ్లలో పడిన పిల్ల మళ్ళీ మొదట్నించి మొదలెట్టింది. కారణం గడిలో ఆమె స్వంత మాటలు రాశాను: 'పెంకు మళ్ళీ పెట్టవలెను.' సంబంధిత సిబ్బంది గడిలో అప్పలనరసమ్మ గారి పేరు రాశాను. విన్నపం నంబరు ఒకటి వచ్చింది. జిల్లా మొత్తం మీద అదే మొదటిది. కొంచెం గర్వంగా కూడా అనిపించింది, దాచడం దేనికి.

యాభై రెండో నిమిషంలో మోక్షిత లేచింది. ఎవరి వైపూ చూడకుండా వెళ్లి టీచరు పక్కన కూర్చుంది. చేటలో చెయ్యి పెట్టి తనూ ఒక బెడ్డ తీసింది. ఇంకోటి తీసింది. మూడోది తీసేలోపు ఆవిడ తొడ మీద తల పెట్టి నిద్రపోయింది.

"సూసినారా," అన్నారు అప్పలనరసమ్మ గారు.

చూశాను. కానీ విన్నపం ఇంకా తెరిచే ఉంది. నవ్వే ముఖం ముట్టుకోవాలి కదా. పిల్లను నిద్ర లేపాను. నిద్ర లేపిన ఏ పిల్లయినా ముట్టుకునే ముఖాన్నే ముట్టుకుంది. వెంటనే ఫోనులో ఎర్రగా వచ్చింది: 'లబ్ధిదారు అసంతృప్తి. పై స్థాయికి బదిలీ చేయబడినది.'

అప్పలనరసమ్మ గారు పిల్లను మళ్ళీ ఒళ్లోకి తీసుకున్నారు. నాకు టీ ఇచ్చారు.

నాలుగు రోజుల్లో టీచరుగారి పేర మెమో వచ్చింది. 'లబ్ధిదారు ముందస్తు అనుమతి లేకుండా గుడ్డు యొక్క బాహ్య ఆవరణమును ఏ అధికారముతో తొలగించితిరో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను. విన్నపము తేలువరకు సదరు గుడ్డును, ఆవరణమును యథాతథముగా భద్రపరచవలెను.'

ఆ రోజు గుడ్డు ఎవరూ తినకపోవడం మా అదృష్టం. టీచరు దాన్ని తన టిఫిను డబ్బాలో వేసి, కుక్కకు పెడదామని మరిచిపోయారట. నేను ఆ డబ్బాకు లక్క సీలు వేశాను. పెంకు మాత్రం దొరకలేదు. ఆవిడ దాన్ని పెరట్లో మిరప మొక్క మొదట్లో వేశారు. ఊరి పెద్దలు ఇద్దరిని సాక్షులుగా పెట్టి పంచనామా రాశాను. 'ఆవరణము పదకొండు ముక్కలు లభ్యము. మిగిలిన భాగమును పక్కింటి కోడి తినివేసినట్లు విచారణలో తేలినది.'

సాక్షి సంతకం పెడుతూ ఒక పెద్దాయన అడిగాడు. "అమ్మా, కోడిని కూడా అట్టుకెల్తారేటి?"

"అలాంటి ఆదేశం ఇంకా రాలేదు," అన్నాను.

అప్పుడే మోక్షిత తల్లి దమయంతి వచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు పైన పొర ఒలిచే పని ఆమెది. పిల్ల అప్పుడు ఏడవడం లేదు, చక్కగా మిరప మొక్క దగ్గర ఆడుకుంటోంది. దమయంతి లక్క సీలు వేసిన డబ్బాను చూసింది, నన్ను చూసింది.

"పొద్దస్తమానం ఒలుస్తానండి నాను. ఇన్నాల్లలో ఒక్క పప్పు కూడా పొర మల్లీ ఎట్టమని అడగనేదు. ఇది నా కడుపున ఎలగ పుట్టినాదో!" అని నవ్వింది. "ఒగ్గీండి మేడం. దానికి గుడ్డు మాటే గురుతు నేదు."

గుర్తు లేకపోవడమే ఇబ్బంది అని అప్పుడు నాకు తెలియలేదు.

విచారణ ప్రతి మంగళవారం మా ఆఫీసులో. దమయంతి పని మానుకుని పిల్లను తీసుకురావాలి. అప్పలనరసమ్మ గారు డబ్బా తీసుకురావాలి. నేను పిల్ల ముందు డబ్బా పెట్టి, "మోక్షితా, నీ విన్నపం గుర్తుందా? టీచరుగారు గుడ్డు ఒలిచేశారు కదా?" అని అడగాలి. ప్రశ్న అలాగే అడగాలని నమూనాలో ఉంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చిన సంతోషంలో ఉన్న పిల్లకు ఆ ప్రశ్నతో అన్యాయం మొత్తం మళ్ళీ గుర్తొచ్చేది. "మల్లీ ఎట్టు!" అని మా ఆఫీసు నేల మీద పడిపోయేది. మొదటి విచారణ నలభై నిమిషాలు, రెండోది గంట, మూడోది గంటన్నర. ప్రతిసారీ రికార్డులో రాశాను: 'లబ్ధిదారు తన విన్నపమునకు కట్టుబడి ఉన్నది.'

ఈలోగా సాంకేతిక అభిప్రాయాలు కోరారు. పశువైద్యుడు రాశాడు: 'పెంకు ఏర్పాటు కోడి యొక్క అంతర్గత వ్యవహారము. గుడ్డు బయటపడిన పిదప మా శాఖకు అందులో జోక్యము లేదు.' ఇంజనీరింగు విభాగం కాస్త ఆశ చూపింది. గుల్లసున్నంతో పల్చగా పూత వేయవచ్చుననీ, అయితే ఇరవై ఒక్క రోజులు నీటితో తడుపుతుండాలనీ, ఆ గుడ్డును పిల్ల తినకూడదనీ తెలిపింది. తినకూడని గుడ్డు పౌష్టికాహారం కిందకు రాదని మా శాఖే అభ్యంతరం చెప్పింది.

మూడో వారానికి డబ్బాను బల్ల మీద పెట్టడం కష్టమైంది. మా గుమాస్తా కిటికీ పక్కకు మారాడు. డబ్బాను పూడ్చిపెట్టడానికి అనుమతి కోరుతూ రాశాను. 'వాసన అను విషయము నిబంధనలలో ప్రస్తావింపబడలేదు' అని జవాబు వచ్చింది.

మిగతా కేంద్రాల్లో కూడా విన్నపాలు పెరిగాయి. ఒక పిల్లాడు తన నీడను వెంట రావద్దని చెప్పమన్నాడు. ఇంకొకతె వెళ్లిపోయిన ఐసు బండిని వెనక్కి పిలవమంది. ఒక ఊళ్లో కవలలిద్దరూ ఎవరికి వారు ఒక్కళ్లే పుట్టినట్టు చేయమన్నారు. అన్నిటికీ నంబర్లు వేశాం. ఒక్క కొండగూడెం కేంద్రం నుంచి ఒక్క విన్నపమూ రాలేదు. అక్కడి టీచరుకు 'విన్నపముల అణచివేత' కింద మెమో వెళ్లింది. ఆవిడ కంగారుపడి పిల్లలను, "ఒక్కసారి ఏడవండమ్మా, నా నాయనలు కదా," అని బతిమాలితే, వాళ్లు అదేదో ఆట అనుకుని పడీపడీ నవ్వారట.

నాకు నవ్వు రాలేదు. నిబంధనల రెండో పేజీ చివర, నేను రెండుసార్లు చదివీ పెద్దగా పట్టించుకోని వాక్యం ఒకటి ఉంది. నలభై ఐదు రోజులలోగా ముగియని విన్నపంలో సంబంధిత సిబ్బందిని విధుల నుంచి తప్పించవలెను. సంబంధిత సిబ్బంది గడిలో పేరు రాసింది నేనే.

అప్పలనరసమ్మ గారు ఆ కేంద్రంలో ముప్పై ఏళ్ల నుంచి ఉన్నారు. నాది గెడ్డవలసే. నాలుగేళ్ల వయసులో నేనూ ఆ నేల మీదే పడి కాళ్లు కొట్టుకున్నాను. నాకు 'అ' దిద్దించిన చెయ్యి ఆవిడదే. అందరి ముందూ మేడం అంటారు గాని, ఎవరూ లేనప్పుడు "హైమా" అనేస్తారు.

నలభయ్యో రోజున పరాంకుశం గారి దగ్గరికి వెళ్లాను.

"సార్, ఆ పిల్ల ఏడుపు ఆ రోజే చల్లారిపోయింది. మనం అడగబట్టి మళ్ళీ ఏడుస్తోంది. ఒక్కసారి అడగడం మానేస్తే..."

ఆయన కళ్ళజోడు తీశారు. "చూడండి సూపర్‌వైజరు గారూ. విన్నపమన్నాక పరిష్కారం కావాలి గాని చల్లారకూడదు. చల్లారుట అనే గడి మన దగ్గర లేదు."

"టీచరుగారి ఉద్యోగం పోతుంది సార్. ఆవిడ తప్పేం లేదు."

"తప్పు ఉన్నదని ఎవరన్నారు? వ్యవస్థ ఎవరి మీదా కోపం పెట్టుకోదు. తప్పిస్తుంది, అంతే." కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఆఖరు విచారణ నా సమక్షంలోనే పెట్టండి. లబ్ధిదారు చెప్పేది నేనే స్వయంగా వింటాను."

ఆ సంగతి చెప్పడానికి గెడ్డవలస వెళ్లాను. అప్పలనరసమ్మ గారు పిల్లల పలకలు తుడుస్తున్నారు. చెప్పి, "నేనే రాశాను టీచరుగారూ," అన్నాను.

"నువ్వు గాక ఇంకెవులు రాస్తారు? నీ రాత గుండ్రంగుంటాది," అని ఆవిడ ఇంకో పలక తీసుకున్నారు. "తీసేస్తే తీసేస్తారు. ఈ పిల్లగుంటలు కొత్తోల్లకి మాలిమవ్వడానికి ఆర్నెల్లు పడతాది, అదే నా బెంగ."

నలభై ఐదో రోజున పదకొండు గంటలకు పరాంకుశం గారి గదిలో విచారణ మొదలైంది. ఆయనకు కొత్తగా వచ్చిన కుర్చీ ఒకటుంది. నల్లటిది, ఎత్తు వీపుది, చేతులకూ తలాపుకూ వచ్చినప్పటి పల్చటి ప్లాస్టిక్కు కాగితం అలాగే ఉంది. వచ్చి ఎనిమిది నెలలైంది. దాని మీద దుమ్ము పడితే అటెండరు ప్లాస్టిక్కు మీదనే తుడవాలి. ఆయన కూర్చున్నా లేచినా అది చిటపటమంటుంది. బయట వరండాలో ఉన్నవాళ్లకు సారు లేచారో కూర్చున్నారో ఆ చప్పుడును బట్టే తెలుస్తుంది.

దమయంతి గోడ వారగా నిలబడింది. అప్పలనరసమ్మ గారు డబ్బా బల్ల మీద పెట్టారు.

"వివాదాస్పద వస్తువును తెరవండి," అన్నారు పరాంకుశం గారు, కుర్చీలోంచి లేచి ముందుకు వస్తూ.

"సార్, ఒద్దేమో," అన్నాను.

"తెరవండి."

సీలు పగలగొట్టి మూత తీశాను. ఆ తర్వాత కాసేపు గదిలో ఎవరు ఎటు వెళ్లారో నేను సరిగా చెప్పలేను. అటెండరు తలుపు తీశాడు, దమయంతి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, పరాంకుశం గారు కిటికీ చువ్వల్లోంచి ముఖం బయటికి పెట్టారు. నేను మూత వెతుక్కున్నాను. అది బల్ల కిందికి దొర్లిపోయింది.

మూత పెట్టి లేచేసరికి, ఎవరూ పట్టించుకోని మోక్షిత కుర్చీ దగ్గర ఉంది. కుర్చీ ఎడమ చేతి మీద ప్లాస్టిక్కు అంచు ఒకటి లేచి ఉన్నట్టుంది. ఇలాంటి అంచు చేతికి దొరికితే ఏ పిల్ల ఊరుకుంటుంది? ఎంతో ఓపికగా, చిరగకుండా, ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒలిచేసింది. ఈసారి తనే ఒలుచుకుంది.

పరాంకుశం గారు వెనక్కి తిరిగారు.

"ఎవరు?" అన్నారు. "ఎవరు తీశారు అది?"

పిల్ల చేతిలో ప్లాస్టిక్కు కాగితం మెరుస్తోంది.

"ఎనిమిది నెలలు! ఎనిమిది నెలల నుంచి ఒక్క గీత పడకుండా చూసుకుంటున్నాను! తీస్తే నేను తీయాలి! నా కుర్చీ! నన్నడగకుండా ఎలా తీస్తారు?"

అటెండరు ముందుకొచ్చి అన్నాడు. "సార్, స్టోరులో ఇలాంటి కుర్చీయే ఇంకోటుంది సార్. దానికి కాయితం తియ్యనేదు. తెమ్మంటారా?"

"నాకు ఇంకోటి ఎందుకు? ఇదే! ఈ కుర్చీకే ఉండాలి!" ఆయన బల్ల మీద చరిచారు. ఫైళ్లు కింద పడ్డాయి. "మళ్ళీ పెట్టండి! ఎలా తీశారో అలా మళ్ళీ పెట్టండి!"

అటెండరు మంచినీళ్లు ఇవ్వబోయాడు. ఆయన గ్లాసు తోసేశారు. దమయంతి క్షమించమంది, ఆయన ఇంకా గట్టిగా అరిచారు. ఏదైనా చెబుదామని నేను నోరు తెరిచాను.

"పలకరించకండి మేడం," అన్నారు అప్పలనరసమ్మ గారు మెల్లగా.

ఆవిడ వెళ్లి కింద పడ్డ ఫైళ్ల పక్కన నేల మీద కూర్చున్నారు. ఆయన వైపు చూడలేదు. చెదిరిన కాగితాలు ఒక్కొక్కటే తీసి, అంచులు సరిచేసి, నంబరు ప్రకారం పేర్చడం మొదలుపెట్టారు. పరాంకుశం గారు అరుస్తూనే ఉన్నారు. అలవాటు కొద్దీ నేను గోడ గడియారం చూశాను. అయిదు నిమిషాలు. ఆరు. ఏడు.

ఏడుపంటే ఏమిటో మోక్షితకు బాగా తెలుసు. ఆమె కాసేపు ఆయన్నే చూసింది. తర్వాత ప్లాస్టిక్కు కాగితాన్ని కుర్చీ చేతి మీద పరిచింది. అది వంకరగా పడింది. మళ్ళీ ఎత్తి పరిచింది. రెండు అరచేతులతో, నాలుక బయటపెట్టి, బలంగా ఒత్తింది.

"ఇగో," అంది ఆయనతో. "మల్లీ ఎట్టినాను. ఏడవకు."

పరాంకుశం గారు మాట మధ్యలో ఆగిపోయారు. కుర్చీ వైపు చూశారు. కాగితం నిండా బుడగలు, ఒక మూల మడత. ఆయన దగ్గరికి వచ్చి బొటనవేలితో ఒక బుడగను అంచు దాకా నెట్టారు. ఇంకో బుడగను నెట్టారు. పిల్ల మూడోది చూపించింది. దాన్నీ నెట్టి, కూర్చున్నారు. చిటపటమంది.

"మంచినీళ్లు," అన్నారు అటెండరుతో, చాలా చిన్న గొంతుతో.

నేను ఫోను తీసి మోక్షిత ముందు పెట్టాను. ప్రశ్న అడగలేదు. సర్వీసులో మొదటిసారి నమూనా తప్పాను. ఆమె నవ్వే ముఖాన్ని ముట్టుకుంది. ముట్టుకుంటే కిచకిచమని చప్పుడొస్తుందని తెలిసి ఇంకో అయిదుసార్లు ముట్టుకుంది. విన్నపం నంబరు ఒకటి ముగిసింది. పరాంకుశం గారు ఎవరి ముఖమూ చూడకుండా ఫైలు మీద సంతకం పెట్టి, "ఆ డబ్బాను ఎక్కడైనా పూడ్చండి," అన్నారు.

బస్టాండు వెనక ఖాళీ స్థలంలో డబ్బాతో సహా పూడ్చాం. మంచి స్టీలు డబ్బా, పోయిందనుకున్నారు టీచరుగారు. బస్సులో కిటికీ సీటు మోక్షితకు ఇచ్చాం. తల్లి ఒళ్లో నిద్రపోయింది. నేను, అప్పలనరసమ్మ గారు వెనక సీట్లో కూర్చున్నాం. నాకు మనసు నిలవలేదు.

"టీచరుగారూ, సారుది ఎనిమిదిన్నర నిమిషాలు వచ్చింది. నిబంధన ప్రకారం నమోదు చెయ్యాలి."

ఆవిడ కిటికీలోంచి చూస్తున్నారు. "సెయ్యి, నీకు తోస్తే."

ఫోను తెరిచాను. పేరు రాశాను. కారణం గడిలో, స్వంత మాటల్లో, 'మళ్ళీ పెట్టండి' అని రాశాను. వయసు గడిలో యాభై ఆరు వేస్తే తీసుకోలేదు. ఆరు దాటి ఏ అంకె వేసినా తీసుకోవడం లేదు.

"హైమా," అన్నారు ఆవిడ, ఇటు తిరగకుండానే. "నీకు గురుతుందో నేదో. పలక ఇరిగిపోనాదని ఓరోజు రెండు గంటలు ఏడిసినావు. అదే పలక మల్లీ అతికించమని. ఆనాడు నీకెవులైనా నెంబరేసుంటే, నువ్విప్పటికీ నా కేంద్రంలోనే కూకోని ఏడుస్తుందువు."

నేను ఫోను సంచిలో పెట్టేశాను. ఎనిమిదిన్నర నిమిషాల విన్నపమొకటి నాకు తెలిసీ నమోదు కాకుండా పోయింది. నా సర్వీసులో విధి నిర్వహణలో లోపమంటే ఇదొక్కటే. రికార్డు సరిగా ఉండాలి గనక ఇక్కడ రాసి పెడుతున్నాను.